చూడని ఇరవై నిమిషాలు

సామ్యూల్‌కు కోపం రావడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. రెఫరీ విజిల్ ఆలస్యంగా ఊదితే వస్తుంది. గోల్‌కీపర్ పేరు పేపర్లో ఒక్క అక్షరం తప్పు పడితే వస్తుంది. సిద్దిపేట బస్టాండ్ ముందు టీ కొట్టులో ఎవడైనా నోరు జారి "క్రికెట్ ముంగట ఫుట్‌బాల్ ఎంత సారూ" అన్నాడా, ఆ పూట వాడి టీ చల్లారిపోవలసిందే. యాభై రెండేళ్ల మనిషి. ఎడమ మోకాలు సగమే వంగుతుంది. కోపానికి మాత్రం ఏ మోకాలి నొప్పీ లేదు.

ఊళ్లో అందరూ ఆయన్ని ఆటల సారు అంటారు. ఏ బడిలోనూ ఆయన సారు కాదు, పట్నంలో అచ్చయ్యే ఒక దినపత్రికకు ఇక్కడి నుంచి ఆటల వార్తలు రాసి పంపుతాడు, అంతే. కానీ చుట్టుపక్కల నలభై ఊళ్లలో కబడ్డీ ఆడేవాడైనా వాలీబాల్ ఆడేవాడైనా తన పేరు మొదటిసారి అచ్చులో చూసుకున్నది ఆయన వార్తలోనే. జట్టులో ఎంతమంది ఉంటే అన్ని పేర్లూ రాసేవాడు. పట్నంలో డెస్కు వాళ్లు జాగా లేదని కోసేస్తే, ట్రంకాల్ బుక్ చేసి మరీ తిట్టేవాడు.

ఆ పంతం ఊరికే రాలేదు. ధూళిమిట్ట వైపు ఒక పల్లెలో జీతగాని కొడుకుగా పుట్టి, మిషన్ హాస్టల్లో చదువుకుని, పట్నంలో కాలేజీకి చేరేనాటికి ఆయన దగ్గరున్న ఆస్తి రెండు జతల బట్టలు, ఒక బైబిలు. బూట్లు లేవు. కాళ్లకు గుడ్డపట్టీలు చుట్టుకుని మైదానంలోకి దిగాడు. ఆ రోజుల్లో పట్నానికి ఫుట్‌బాల్ అంటే పిచ్చి. రెండేళ్లు తిరక్కముందే, సామ్యూల్ ఆడుతున్నాడంటే దుకాణం మూసి వచ్చేవాళ్లు తయారయ్యారు. యాభై ఏడులో కాలేజీల కప్పు ఫైనల్లో, ఒక గోల్ వెనకబడ్డ జట్టును ఆఖరి పది నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి గెలిపించాడు. జనం భుజాల మీద ఊరేగించారు. తెల్లారి పేపరు చూస్తే ఆ రెండు గోల్సూ కెప్టెన్ కొట్టినట్టు రాసి ఉంది. కెప్టెన్ పెద్ద వకీలు గారి కొడుకు. రాసిన విలేఖరి సగం ఆటలోనే లేచిపోయి, మిగతాది ఎవరినో అడిగి రాశాడట.

సామ్యూల్ ఆ పేపరు పట్టుకుని ఆఫీసుకు నడిచి వెళ్లాడు. ఆటల పేజీ చూసే పెద్దమనిషి తలైనా ఎత్తకుండా, "అచ్చయిందే జరిగింది. పో బాబూ" అన్నాడు. ఆ ఏడే మోకాలు విరిగింది, ఆట అయిపోయింది. అప్పుడు ఆయన చేసిన పనికి స్నేహితులు నవ్వారు. అదే ఆఫీసుకు వెళ్లి ఆటల వార్తలు రాసే ఉద్యోగం అడిగాడు. చూసి రాసేవాడు ఒక్కడైనా ఆ కుర్చీలో ఉండాలని ఆయన కసి. ఇరవై రెండేళ్లు ఉన్నాడు. ఆ పేపరు మూతపడ్డాక సిద్దిపేట వచ్చి ఇంకో పేపరుకు రాయడం మొదలుపెట్టాడు. ఆ రెండు గోల్స్ కథ వినని మనిషి ఊళ్లో లేడు. కథ చివర ఆయన ఒక మాట అనేవాడు: "ఆట చూడకుంట రాసుడంటే తినకుంట తేన్చుడే." వినేవాళ్లు నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు.

అయితే గురివింద గింజ తన కింది నలుపెరగదని పెద్దలు ఊరికే అన్నారా? వార్తలు పట్నం పోయేది బస్సులో. సాయంత్రం ఐదూ ఇరవైకి ఒక ఎక్స్‌ప్రెస్ ఉంది. కండక్టర్ చేతికి కవరు ఇస్తే, పట్నం బస్టాండులో పేపరు మనిషి కాచుకుని ఉండి తీసుకుంటాడు. ఆ బస్సు తప్పితే మర్నాటి జిల్లా పేజీ తప్పినట్టే. మరి ఆటలు ఐదూ ఇరవైకి ముగుస్తాయా? ముగియవు. అందుకని విలేఖరులందరూ ఇంటర్వెల్లోనే వార్త రాసిపెట్టుకుని, స్కోరు దగ్గర ఖాళీ వదిలి, బస్సు వేళకు ఎంతుంటే అంత నింపి పంపేవాళ్లు. సామ్యూల్ కూడా అంతే. ముప్పావు ఆట చూశాను గదా, మిగతా పావు ఎటు పోతుందో నాకు తెలియదా అనుకునేవాడు. ఏడేళ్లలో మూడుసార్లు అంచనా తప్పింది. మూడూ ఎవరికీ పట్టని ఆటలు. తన పనీ, యాభై ఏడు నాటి విలేఖరి పనీ ఒకటేనని ఆయనకు ఒక్కనాడూ తట్టలేదు.

ఎనభై ఏడు డిసెంబర్లో సిద్దిపేటలో ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెట్టారు. గెలిచిన జట్టు సంగారెడ్డిలో జిల్లా పోటీకి పోతుంది. అక్కడ బాగా ఆడినవాడికి పట్నంలో కాలేజీ సీటూ, హాస్టలూ దొరకవచ్చు. ఫైనల్‌కు వచ్చిన జట్లు రెండు. ఒకటి బజారు కుర్రాళ్ల నవయువ క్లబ్బు. దాని అధ్యక్షుడు బట్టల వ్యాపారి రాధాకిషన్. టోర్నమెంట్ కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. కప్పు కొన్నదీ ఆయనే, కప్పు గెలవవలసిన జట్టూ ఆయనదే. రెండోది ఇబ్రహీంపూర్ జట్టు. అందరూ కూలినాలి చేసుకునేవాళ్ల కొడుకులు, కోసిన వరిమళ్లలో వరికొయ్యల మీద వట్టి కాళ్లతో ఆడి నేర్చుకున్నవాళ్లు. వాళ్లలో రాజనర్సు అనేవాడు ఇంటర్ పాసై, ముందుకు చదివే దారిలేక బావుల్లో పూడిక తీసే పనికి పోతున్నాడు. బంతి కాలికి తగలకముందే దాన్ని ఎటు పంపాలో వాడికి తెలుసని సామ్యూల్ సెమీఫైనల్లోనే గమనించాడు. వాడి తల్లి కొమురవ్వ ఆ రోజు కోతల నుంచి నేరుగా వచ్చి, నడుముకు కొడవలితోనే మైదానం అంచున నిలబడింది.

మూడింటికి మొదలు కావలసిన ఫైనల్, ముఖ్య అతిథి కారు గంటకు పైగా ఆలస్యంగా రావడంతో నాలుగూ పదికి మొదలైంది. నవయువకు ఒక పెనాల్టీ దొరికింది. ఒకటి, సున్నా. ఐదూ పది అయ్యేసరికి సామ్యూల్ చేతి గడియారం చూసుకుని సంచి భుజాన వేసుకున్నాడు. నడుస్తూనే ఖాళీలో స్కోరు నింపాడు. కింద, ఇలాంటి వార్తలన్నిటికీ అతికే ఒక వాక్యం అతికించాడు: "ఇబ్రహీంపూర్ జట్టు చివరి నిమిషం వరకూ పోరాడినా ఫలితం లేకపోయింది."

కవరు కండక్టర్ చేతిలో పెడుతుండగా మైదానం వైపు నుంచి పెద్ద కేక లేచింది. "ఇంకోటి గొట్టిన్రు నవయువోళ్లు," అన్నాడు సామ్యూల్. స్కోరు దిద్దుదామనుకునేలోపే బస్సు కదిలింది. మోకాలు సలుపుతుంటే అటునుంచి అటే ఇంటికి పోయి పడుకున్నాడు.

తెల్లవారి రాజనర్సు పేపరు మడతపెట్టి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రాత్రంతా నిద్రపోనట్టు వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సారూ, గీ వార్త మీరే రాసిన్రా?"

"నేనే రాసిన. ఏమైంది?"

"మేం గెల్సినం సారూ. రెండు గోల్సు నేనే గొట్టిన. రెఫరీ సారు రెండిటికీ విజిల్ ఊదిండు. ఆట ఒడిసినంక రాధాకిషన్ సేటు అడ్డం దిరిగిండు. చీకటైనంక గొట్టిన గోల్సు లెక్కకు రావన్నడు. మావోళ్లు లొల్లి జేస్తే, 'సామ్యూల్ సారు పెద్దమనిషి, రేపు ఆయన పేపర్ల ఎట్ల రాస్తే గట్లనే' అన్నడు. అందరు సరే అన్నరు. మీరంటే అందరికీ నమ్మకం గదా సారూ."

డిసెంబర్లో ఐదున్నరకు చీకటెక్కడిది? సామ్యూల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. రాధాకిషన్‌ను తిట్టాడు, ఆలస్యంగా వచ్చిన ముఖ్య అతిథిని తిట్టాడు, నోరు మూసుకున్న రెఫరీని తిట్టాడు. తిట్లన్నీ అయ్యేదాకా రాజనర్సు వింటూ నిలబడి, చివరికి చాలా మెల్లిగా అడిగాడు.

"మరి గప్పుడు మీరు యాడున్నరు సారూ?"

నిన్న బస్టాండులో విన్న కేక ఇప్పుడు అర్థమైంది. కేక వినగానే బజారు వాళ్లే కొట్టారని ఎందుకు అనుకున్నాడు? ఊరి చివర వాడలో పుట్టి, వట్టి కాళ్లతో పట్నాన్ని ఊపిన తనకు, ఇంకో వట్టికాళ్లవాడు గోల్ కొట్టగలడని ఎందుకు తోచలేదు? సిగ్గుతో ముఖం మండింది. ఆ సిగ్గులోనే నోటికి మొదట దొరికిన అబద్ధం ఆడేశాడు.

"గది డెస్కోళ్ల తప్పు బిడ్డా. పట్నంల తప్పేసిన్రు. నేనొచ్చి జెప్త, పా."

కమిటీ పదింటికి రాధాకిషన్ బట్టల దుకాణం మేడ మీద కూర్చుంది. ఇబ్రహీంపూర్ కుర్రాళ్లు మెట్ల మీద నిలబడ్డారు. కొమురవ్వ ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చి గోడవారన నిలబడింది. కింద బజారులో జనం పోగయ్యారు. రెఫరీగా చేసిన డ్రిల్లు మాస్టరు హన్మంతు ఒక మూల కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"రాండ్రి సారూ, కూసోండ్రి," అన్నాడు రాధాకిషన్ ఎదురొచ్చి. పేపరు తీసి అందరికీ వినబడేలా చదివాడు. "ఇనుండ్రి. 'చివరి నిమిషం వరకూ పోరాడినా ఫలితం లేకపోయింది.' చివరి నిమిషం దాక అని సారే రాసిన్రు. సారు ఎసుంటోడో మీకు నేను జెప్పాల్నా? కండ్లల్ల వత్తులేసుకొని చూసేటోడు. చూడకుంట రాసుడంటే తినకుంట తేన్చుడే అని మనకు నేర్పిందే ఈయన!"

జనం తలలూపారు. శంఖంలో పోస్తేనే తీర్థమన్నట్టు, అచ్చులో పడితేనే గోల్. వేలమంది కళ్లారా చూసిన రెండు గోల్స్ కన్నా, చూడనివాడు రాసిన ఒక వాక్యం బరువైపోయింది. ఈ అన్యాయానికి సామ్యూల్ రక్తం ఉడికింది. ఉడికి ఏం లాభం? ఆ వాక్యం తనదే.

"గది డెస్కోళ్ల..." అని మొదలుపెట్టాడు.

రాధాకిషన్ దగ్గరగా వంగి, నవ్వు ముఖంతోనే చెవిలో అన్నాడు. "ఐదూ పదికి మీరు సంచేసుకొని పోయేది నేను జూసిన సారూ. బస్సు టైము నాకెర్కలేదా? డెస్కోళ్ల మీద బెడితే నేను నోరు దెరుస్త. ఊకుండుండ్రి. మీ ఇజ్జత్ మీకుంటది, మా కప్పు మాకుంటది."

ఇదీ ఆయన ముందున్న లెక్క. నోరు మూసుకుంటే ముప్పై ఏళ్ల పేరు నిలుస్తుంది, మెట్ల మీద నిలబడ్డ పదకొండు మంది ఓడిపోతారు. నోరు తెరిస్తే వాళ్లు సంగారెడ్డి పోతారు, ఆటల సారు అనే మనిషి ఇక ఉండడు. రాజనర్సు నమ్మకంగా తన వైపే చూస్తున్నాడు. సారు డెస్కు వాళ్ల తప్పని చెప్పేస్తాడు, అంతటితో పోతుందని వాడి ధీమా.

సామ్యూల్ లేచి నిలబడ్డాడు.

"డెస్కోళ్ల తప్పు గాదు. అచ్చుతప్పు గాదు. ఐదూ పదికి నేను గ్రౌండ్ల కెల్లి ఎల్లిపోయిన. ఆ ఎన్క ఇరువై నిమిషాల ఆట నేను చూడలే. చూడకుంటనే చివరి నిమిషం అని రాసిన. పొద్దుగాల గీ పిలగానికి డెస్కోళ్ల తప్పని జెప్పిన, గదీ అబద్ధమే. కాయిదం మీద రాసియ్యిమంటే రాసిస్త."

రాధాకిషన్ నవ్వు చెరగలేదు. "అంటే ఇన్నేండ్ల సంది మీరు రాసినయన్ని గిట్లనేనా సారూ?"

అబద్ధమాడి తప్పించుకునే దారి ఇంకా ఉంది. "కొన్ని," అన్నాడు సామ్యూల్.

ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయనకు యాభై రెండేళ్ల బతుకూ బరువైంది. కాగితం తెప్పించుకుని, నిలబడే రాసి, సంతకం పెట్టాడు. అది చూసి మూలనున్న హన్మంతు గొంతు సవరించుకున్నాడు. "చీకటి గాలే. ఐదున్నరకు ఆఖరి విజిల్ ఊదిన. పొద్దు ఇంకా ఉండె. స్కోరు కాయిదం నా జేబులనే ఉన్నది. రెండు, ఒకటి." నిన్న ఎందుకు చెప్పలేదని ఎవరో అరిచారు. "నన్నెవ్వరు అడగలే," అన్నాడు. మామూలుగానైతే ఆ జవాబుకు సామ్యూల్ మేడ అదిరేలా అరిచేవాడు. ఆ పూట ఆయనకు ఆ ముఖం లేదు. కింద జనం గోల పెరిగింది. కమిటీ గుసగుసలాడుకుని, ఇబ్రహీంపూర్ గెలిచిందని రాసింది.

సామ్యూల్ సవరణ రాసి పంపాడు, పదకొండు పేర్లతో సహా. అది అచ్చు కాలేదు. ఆయన సంతకం పెట్టిన కాగితం నకలు మాత్రం ఎవరి చేతుల మీదుగానో పట్నం చేరింది. గురువారం ఉత్తరం వచ్చింది: ఇకమీదట మీ వార్తలు అవసరం లేదు. రెండే వాక్యాలు. శనివారం ఇంకో పేపర్లో ఆయన ఫొటోతో వార్త వచ్చింది. "నిజం చెప్పిన ఆటల సారు" అని పైన పెద్ద అక్షరాలు. ఆయన పుట్టుక, చదువు, యాభై ఏడు ఫైనల్, విరిగిన మోకాలు, మేడ మీద చెప్పిన మాటలు, అన్నీ ఉన్నాయి. సామ్యూల్ రెండుసార్లు చదివాడు. కిందా మీదా వెతికాడు. ఇబ్రహీంపూర్ గోల్స్ ఎవడు కొట్టాడో ఎక్కడా లేదు. రాసినవాడికి ఎవరూ చెప్పలేదేమో, వాడూ అడగలేదేమో. పేపరు నలిపి విసిరికొట్టాడు.

ఆదివారం బహుమతుల సభ. సామ్యూల్ పదకొండు పేర్లూ గుండ్రటి అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, వేదిక మీదికి పంపించాడు, కప్పు ఇచ్చేటప్పుడు చదవమని. జనంలో ఒక పక్కన కూర్చున్నాడు. రాధాకిషన్ మైకు పట్టుకున్నాడు. ఆటలో గెలుపోటములు ఎవరికైనా ఉంటాయనీ, నిజాయితీ మాత్రం సామ్యూల్ సారు లాంటి ఏ ఒక్కరికో ఉంటుందనీ, ఇలాంటి మనిషి సిద్దిపేటలో పుట్టడం మన అదృష్టమనీ అరగంట మాట్లాడాడు. ఆయన పుట్టింది సిద్దిపేటలో కాదు. అయినా చప్పట్లు మోగాయి. ఇద్దరు వచ్చి రెక్కలు పట్టుకుని లేపి వేదిక మీదికి తీసుకుపోయారు. ఏం జరుగుతున్నదో తెలిసేలోపే రాధాకిషన్ శాలువా కప్పి, చేయి పట్టుకుని ఫొటోకు నిలబెట్టాడు. ఈ శాలువా ఏ ముఖం పెట్టుకుని కప్పుకోవాలని అరవాలనిపించింది. మూడు వేలమంది చప్పట్లు కొడుతుంటే అరవలేకపోయాడు.

"పోరగాండ్ల పేర్లు సదువుండ్రి సేటూ," అన్నాడు పళ్లు బిగించి.

"టైమేదీ సారూ? మైకు కిరాయి ఆరింటి దాకనే."

ఇబ్రహీంపూర్ జట్టు అని ఒక్కసారి పిలిచి, ముందు నిలబడ్డవాడి చేతిలో కప్పు పెట్టేశారు. వాళ్లు దిగిపోయారు. మైకు వాడు తీగ చుట్టడం మొదలుపెట్టాడు. పేర్ల కాగితం బల్ల మీద పూలదండల కింద అలాగే ఉంది. సామ్యూల్ దాన్ని తీసుకుని, కుంటుతూ వేదిక దిగి వాళ్ల వెనక నడిచాడు. తన ఉద్యోగం పోయినా వీళ్లు సంగారెడ్డి పోతున్నారు, అది చాలు అనుకున్నాడు. వాళ్ల నోటి నుంచి ఒక మంచిమాట వినాలని కూడా లోపల ఉందేమో.

రాజనర్సు దండం పెట్టాడు. కొమురవ్వ పెట్టలేదు. శాలువాను పై నుంచి కింది దాకా చూసింది. ఆమె గొంతులో కోపం లేదు. ఆరిపోయి చాలా సేపయినట్టుంది.

"సారూ, నువ్వు తప్పు జేసినవ్. ఒప్పుకున్నవ్. నీకు శాలువ గప్పిన్రు, పేపర్ల ఫొటో ఏసిన్రు. మా పోరగాండ్లు ఏ తప్పు జెయ్యలే. గందుకే గావచ్చు, ఒక్కని పేరన్న పిలువలే."

కొడుకు భుజం మీద చెయ్యి వేసి ఆమె ఊరి దారి పట్టింది. జట్టంతా వెనకాల నడిచింది. సామ్యూల్ చేతిలో పదకొండు పేర్ల కాగితం ఉంది, దాన్ని పంపడానికి ఏ పేపరూ లేదు.